గొంతు దిగని నీళ్లు

కుక్క కరిచిన సంగతి బాలరాజు ఐదు రోజుల దాకా ఎవ్వరికీ చెప్పలేదు.

కరిచింది పరాయి కుక్క కూడా కాదు. నాచారం ఇండస్ట్రియల్ ఏరియాలో అతను లేత్ మిషన్ నడిపే షెడ్డు ముందర, రోజూ చాయ్ వేళకు వచ్చి నిలబడే గోధుమరంగు ఆడకుక్క. రెండేళ్లుగా అతని చేతి బిస్కెట్లు తిన్నది. ఆ సోమవారం మాత్రం బిస్కెట్ వైపు చూడనైనా చూడకుండా, మొరగకుండా, గుర్రుమనకుండా వచ్చి ఎడమచేతి బొటనవేలి కింది కండ పట్టుకుంది. విదిలించుకుంటే వదిలేసి, ఏమీ జరగనట్టే రోడ్డు దాటి పోయింది. రెండు పళ్లగాట్లు, కాస్త రక్తం. బాలరాజు మిషన్ తుడిచే గుడ్డ ఒకటి చింపి వేలికి కట్టుకుని లోపలికి పోయి పని చేసుకున్నాడు. ఇంట్లో భార్య రాణి అడిగితే "ఇనుప తునక గీస్కపోయింది" అన్నాడు.

అబద్ధాలాడే మనిషి కాదు బాలరాజు. కానీ కుక్క కాటుతో వచ్చే ఆ జబ్బు పేరు నోటితో అనడం అతనికి చేతకాదు. ఎనిమిదేళ్ల వయసులో, జనగామ దగ్గరి వాళ్ల ఊళ్లో, పశువుల కొట్టం తడిక సందులోంచి అతను తన చిన్నాయన కొమురయ్యను చూశాడు. నులక మంచానికి కట్టేసి ఉన్నాడు చిన్నాయన. నీళ్లు నీళ్లు అని తనే అడిగాడు. నాయనమ్మ చెంబు పట్టుకుని దగ్గరికి పోయింది. చెంబు నోటి దాకా పోనేలేదు, లోపలి నీళ్లు తొణికిన చప్పుడుకే మెడనరాలు తాళ్లలా లేచి, ఒళ్లంతా విల్లులా వంగి, మంచం నాలుగు కోళ్లూ నేల మీంచి లేచినంత పనైంది. ఆ గొంతులోంచి వచ్చిన కూత ఈ ముప్పై ఆరేళ్లలో బాలరాజును ఎప్పుడూ పూర్తిగా వదల్లేదు. చిన్నాయన పోయాక ఇంట్లో ఎవరూ ఆ రోగం పేరెత్తలేదు. పేరెత్తకపోతే అది రాదనే నమ్మకం ఒకటి పిల్లవాడి మనసులో అప్పుడే పాతుకుపోయింది. నలభై నాలుగేళ్ల మనిషిలో కూడా అది అట్లాగే ఉంది.

శనివారం పొద్దున గేటు దగ్గర వాచ్‌మన్ హన్మయ్య మాటల మధ్యలో అన్నాడు.

"నీ కుక్క మూడొద్దుల సంది కనవడ్తలేదే బాలరాజన్నా. అంతకు ముందుగాల గోడలకు గుద్దుకుంట తిరిగింది. నోట్లకెల్లి ఒక్కతీరుగ సొంగ కారుడే. గదేమన్న పిచ్చిదైందో ఏందో!"

బాలరాజు గేటు ఊచ పట్టుకున్నాడు. ఏమైందన్నా అని హన్మయ్య అడుగుతూనే ఉన్నాడు. అతను పని బట్టల మీదనే షేర్ ఆటో ఎక్కి ఉప్పల్‌లో ఉన్న సర్కారు దవాఖానాకు పోయాడు.

అక్కడి డాక్టరు త్రిపురసుందరి యాభై దాటిన మనిషి, కాకినాడ వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడింది. ఐదు రోజులైందని విన్నాక ఒక్క క్షణం ఆమె పెన్ను ఆగింది. తిట్టలేదు. తిట్టకపోవడమే అతన్ని ఇంకా భయపెట్టింది. కుళాయి కింద సబ్బుతో పావుగంట కడిగించింది. చీటీ రాసి పెద్ద దవాఖానాకు పంపితే, అక్కడ గాటు చుట్టూ రోగాన్ని అడ్డుకునే సీరం ఎక్కించారు. రెండు దండచేతులకూ చెరొక సూది వేశారు.

"మళ్లీ మంగళవారం రావాలి. ఆ తర్వాత వచ్చే శనివారం. ఆఖరిది ఇవాళ్టి నుంచి ఇరవై ఎనిమిదో రోజున," అని త్రిపురసుందరి ముందే చెప్పి పంపింది. "ఒక్కటి కూడా తప్పకూడదు బాలరాజు గారూ. ఆలస్యమైంది నిజమే. కానీ మించిపోలేదు."

ఆ రెండు మాటల్లో మొదటిదే అతని చెవిలో ఉండిపోయింది. ఆ రాత్రి రాణికి కుక్క కరిచిందనీ, సూదులు పడుతున్నాయనీ మాత్రం చెప్పాడు.

మంగళవారం రెండో సూది పడింది. బుధవారం పొద్దున మిషన్ ముందు నిలబడ్డాడు. చక్‌లో బిగించిన ఇనుప కడ్డీ గిర్రున తిరుగుతోంది. కోత వేడెక్కకుండా దాని మీద పాలలాంటి కూలెంట్ ధారగా పడుతోంది. ఇరవై ఏళ్లుగా వింటున్న చప్పుడే. ఆ రోజు మాత్రం అది చెంబులో తొణికిన నీళ్ల చప్పుడులా వినిపించింది. మిషన్ ఆపేసి పక్కకు వచ్చి సీసా మూత తీశాడు. నోట్లోకి పోయిన నీళ్లు అక్కడే ఆగిపోయాయి. గొంతు మూసుకుంది, లోపల ఎవరో పిడికిలి బిగించినట్టు. మింగుదామని చూసిన కొద్దీ ఇంకా బిగిసింది. నీళ్లన్నీ నేల మీద ఉమ్మేశాడు.

వచ్చేసింది, అనుకున్నాడు.

ఆ మాట లోపల పడ్డాక ఇక ప్రతిదీ దానికి సాక్ష్యమే అయింది. గాటు చుట్టూ దురద పెడితే వచ్చేసింది. ఫ్యాన్ గాలికి ఒళ్లు జలదరిస్తే వచ్చేసింది. స్నానానికి బక్కెట్ నిండే చప్పుడు వినలేక, చెవుల్లో వేళ్లు పెట్టుకుని వంటింట్లో నిలబడ్డాడు. అన్నం దిగుతోంది, పెరుగన్నం దిగుతోంది. నీళ్లు మాత్రం దిగడం లేదు. పెదవులు పగిలాయి. నిద్ర అనేదే లేదు. తన గ్లాసు, తన పళ్లెం విడిగా పెట్టుకున్నాడు.

గురువారం కూతురు దీపను పిలిచి, అంబర్‌పేట్‌లో ఉన్న పిన్ని ఇంటికి వెళ్లి కొన్నాళ్లు ఉండమన్నాడు. ఇంటర్ రెండో ఏడు చదువుతోంది ఆ అమ్మాయి.

"ఎందుకు డాడీ?"

"పరీక్షలు గద. ఆడ నిమ్మలంగ సదువుకోవచ్చు."

"ఎగ్జామ్స్‌కి ఇంకా రెండు నెలలుంది."

"పొమ్మంటే పోవేందే!"

అరిచాక తన గొంతు తనకే వినిపించింది. గరగరమంటూ, విరిగిపోతూ, మనిషి గొంతులా లేదు అది. దీప కళ్లు పెద్దవి చేసి చూసింది. బాలరాజు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని గదిలోకి పోయి తలుపేసుకున్నాడు. తలుపుకు వీపు ఆనించి కూర్చుని, కూతురు సంచి సర్దుకుని వెళ్లే దాకా బయటికి రాలేదు.

శుక్రవారం మధ్యాహ్నం రాణి అతని ముందు గ్లాసు పెట్టింది.

"తాగు."

"తర్వాత తాగుత."

"మూడొద్దుల సంది గదే మాట. నేను సూస్తలేననుకుంటున్నవా? నా ముంగట తాగు."

అతను గ్లాసు ఎత్తాడు. పెదవుల దాకా పోకముందే గొంతు పట్టేసింది. గ్లాసు జారి నీళ్లు నేల పాలయ్యాయి. రాణి బట్ట తీసుకుని తుడవడానికి వంగబోతే "ముట్టకు! నా ఎంగిలి నువ్వు ముట్టకు!" అని వెనక్కి జరిగాడు. చిన్నాయన సంగతి అప్పుడు బయటికొచ్చింది. పెళ్లైన పందొమ్మిదేళ్లలో మొదటిసారి. రాణి విన్నది. ఏడవలేదు. లేచి తన తమ్ముడు నరేందర్‌కు ఫోన్ చేసింది.

నరేందర్ ఆటో నడుపుతాడు. అరగంటలో వచ్చాడు.

"బావా, నువ్వేం ఫికర్ జెయ్యకు. కీసర దాటినంక ఒక ఊళ్లె పసరు పోస్తరు. మస్తు మంది బతికిన్రు. ఒక్కటే షరతు, పసరు పడ్డంక సూదిమందు ముట్టొద్దు. ముడితే రెండూ పనిజెయ్యవంట."

"రేపు మూడో సూది ఉన్నది," అన్నాడు బాలరాజు.

"రెండు ఏసుకుంటివి గద. ఏమైంది? నీళ్లు దిగుతున్నయా?"

రాణి ఇద్దరినీ మార్చి మార్చి చూసి, సరే పొద్దుగాలనే పోదాం అంది.

శనివారం పొద్దున ముగ్గురూ బయల్దేరారు. మల్లాపూర్ దాటి ఏఎస్ రావు నగర్ వచ్చాక, పసరు పోసేవాడికి కొబ్బరికాయ, నిమ్మకాయలు తీసుకోవాలని నరేందర్ ఆటో పక్కకు ఆపి దుకాణంలోకి వెళ్లాడు. రాణి సంచిలోంచి బత్తాయి తీసి వలవసాగింది. అంతలో ఎదురుగా, కోచింగ్ సెంటర్ ముందర వెనక్కి వస్తున్న వ్యాను ఒకటి పూలబండిని గుద్దింది. గంపలు తిరగబడి రోడ్డంతా బంతిపూలు. పూలమ్మే ఆవిడ వ్యాను డ్రైవర్ కాలరు పట్టుకుంది. వెనక బళ్లన్నీ ఒక్కసారిగా హారన్లు మోగించాయి. ఎవరో కాలేజీ పిల్లలు వంగి పూలు ఏరుతున్నారు. బాలరాజు ఆటోలోంచి తల బయటపెట్టి చూస్తూ ఉండిపోయాడు. పూలావిడ డ్రైవర్‌ను తిట్టే తిట్లకు అతని పెదవి చివర కొద్దిగా వంగింది కూడా.

"ఏమయ్యా," అంది రాణి. గొంతు అదోలా ఉంది.

"ఏంది?"

"నువ్వేం దింటున్నవ్?"

బాలరాజు చేతిలోకి చూసుకున్నాడు. సగం కొరికిన బత్తాయి తొన. ఒడిలో గింజలు. గడ్డం మీద రసం కారి ఉంది.

"మూడు తొనలు దిన్నవ్. రసమంత లోపటికి వొయింది. నీ గొంతు పట్టలే."

ఆ మాట వినగానే గొంతు పట్టేసింది. నోట్లో ఉన్న రసం అక్కడికక్కడే ఆగిపోయింది. అతను కళ్లు తేలేసి, ఆటో ఊచ పట్టుకుని ఉక్కిరిబిక్కిరయ్యాడు. రాణి వీపు చరుస్తూనే, అతని మొహంలోకి తేరిపార చూస్తోంది.

"సూశినవా? గుర్తు జేస్తే పడ్తంది, మర్శిపోతే ఇడుస్తంది. గిదేం రోగమయ్యా?"

బాలరాజుకు సంతోషం కలగలేదు. ఇది కూడా ఆ రోగం ఆడే ఆటేమో, చంపే ముందు కాసేపు ఆశ పెడుతుందేమో అనిపించింది. నరేందర్ నిమ్మకాయల సంచితో వచ్చాడు. రాణి ఆటో ఉప్పల్ దిక్కు తిప్పమంది.

"అక్కా, సగం దూరం అచ్చినం! ఆయిన పొద్దుగాలనే పోస్తడు, మల్ల రేపు రమ్మంటడు. రేపటికి బావకు ఏమన్నైతే?"

అక్కాతమ్ముళ్లిద్దరూ వాదించుకుంటుంటే బాలరాజు మనసులో లెక్క కట్టాడు. ఒక దిక్కు పోతే సూది తప్పుతుంది. ఇంకో దిక్కు పోతే పసరు తప్పుతుంది. ఏది తప్పినా చచ్చిపోయేది తనే. చివరికి అతని నోటి నుంచి వచ్చిన మాట నరేందర్‌కు సరిగా వినబడలేదు కూడా. "మించిపోలేదన్నది గా మేడం," అన్నాడు. "ఉప్పల్ తిప్పు."

త్రిపురసుందరి అతన్ని చూడగానే లోపలికి పిలిచింది. పగిలిన పెదవులు, లోతుకు పోయిన కళ్లు గమనించింది. జ్వరం చూసింది. కళ్లలో టార్చి వేసింది. మోకాళ్ల మీద చిన్న సుత్తితో కొట్టింది. ఫైలు అట్ట తీసి మొహం ముందు విసనకర్రలా ఊపింది. ఫ్యాన్ వేగం పెంచింది. బాలరాజు ప్రతిదానికీ ఉలిక్కిపడ్డాడు కానీ గాలికి గొంతు పట్టలేదు. రాణి బత్తాయి సంగతి చెప్పింది.

"ఈ గొంతు పట్టడం రేబిస్ లాగా లేదు," అంది డాక్టరు. ఆ పేరు వినబడగానే బాలరాజు భుజాలు ముడుచుకున్నాడు. ఆమె గమనించింది. "పేరు వింటేనే ఇలా అయిపోతున్నారే! రేబిస్ అయితే గాలి తగిలినా గొంతు పట్టేస్తుంది, నీళ్లు దిగనివ్వదు, బత్తాయి రసం దిగనివ్వదు. పూలబండి వంక చూస్తున్నారని మిమ్మల్ని వదిలిపెట్టదు. కరిచి పన్నెండు రోజులే అయింది. రోగం ఇంత తొందరగా బయటపడటం చాలా అరుదు. పైగా సీరం పడింది, రెండు సూదులు పడ్డాయి. ఒట్టు పెట్టమంటే నేను పెట్టలేను, డాక్టర్ని. కానీ నాకు కనిపిస్తున్నది భయం."

"భయానికి గొంతు మూసుకుంటదా మేడం? అబద్ధం గాదు, నిజంగ మూసుకుంటంది."

"నిజంగానే మూసుకుంటుంది. అక్కడ కండరాలుంటాయి. పిడికిలి బిగిసినట్టు బిగుస్తాయి. మీరు నటిస్తున్నారని నేను అనలేదు."

ఆ మాటతో అతని కళ్లలో నీళ్లు తిరిగాయి.

ఆమె కుర్చీ దగ్గరికి జరుపుకుంది. చెయ్యి పొట్ట మీద పెట్టుకోమంది. ముక్కుతో నాలుగు లెక్కపెట్టేదాకా గాలి పీల్చి, పెదవులు మూసి, తుమ్మెద ఝుంకారంలా "మ్మ్‌మ్" అంటూ ఊపిరి అయిపోయే దాకా వదలమంది. బాలరాజు సిగ్గుతో తల దించుకున్నాడు. బయట బెంచీల మీద జనం ఉన్నారు.

"నేను గూడ అంట," అని రాణి పక్కన కూర్చుంది.

మొదటి రెండుసార్లు సగంలోనే ఊపిరి తెగింది. మూడోసారి గొంతులో అదురు పుట్టింది. ఆరేడు సార్లయ్యాక భుజాలు వాటంతటవే కిందికి దిగాయి. డాక్టరు చిన్న కప్పులో రెండు గుక్కల నీళ్లు పోసి, ఊపిరి మొత్తం వదిలాక తాగమంది.

మొదటి గుక్క అడ్డం పడింది. దగ్గు ముంచుకొచ్చింది. బాలరాజు బల్ల అంచు పట్టుకుని పైకి లేచాడు. ముక్కులోంచి నీళ్లు, గొంతులోంచి ఏదో కూత. తడిక సందు, నులక మంచం, చెంబు, అన్నీ ఒక్కసారిగా కళ్ల ముందుకొచ్చాయి. పారిపోవాలని తలుపు వైపు తిరిగాడు.

"దగ్గారు కదా, గాలి ఆడుతోంది," అంది త్రిపురసుందరి, గొంతు పెంచకుండా. "కూర్చోండి. మళ్లీ అనండి. మ్మ్."

కూర్చున్నాడు. అన్నాడు. ఎంత సేపు పట్టిందో అతనికి తెలీదు. నర్సు రెండుసార్లు తలుపు తీసి చూసి వెళ్లింది. తర్వాత గుక్క దిగింది. గొంతులోంచి గుండె మీదుగా చల్లగా దిగుతుంటే అతను కదలకుండా దాన్నే గమనిస్తూ కూర్చున్నాడు.

మూడో విడత సూదులు వేశాక అతను ఆశగా అడిగాడు. "మేడం, గిట్ల గాలి పీల్చుకుంట ఉంటే ఇమ్యూనిటీ పెరుగుతదంటరు గద. గప్పుడు ఆఖరి సూది అక్కెర్లేదా?"

"ఆ మాట ఇంకెక్కడా అనకండి," అంది ఆమె, మొదటిసారి గట్టిగా. "రేబిస్‌కి సూది. మీ భయానికి ఈ ఊపిరి. ఒకదాని పని ఇంకొకటి చెయ్యదు. అయితే ఒకటుంది. సూది మందు శత్రువు ముఖం ఎలా ఉంటుందో మీ ఒంటికి చూపించి వెళ్లిపోతుంది. ఎదిరించే బలగాన్ని తయారుచేసుకోవాల్సింది మీ ఒళ్లే. నాలుగు రోజులుగా దానికి నిద్ర లేదు, నీళ్లు లేవు, క్షణం నెమ్మది లేదు. అలాంటి ఒళ్లు ఏ పనైనా ఎంత బాగా చేస్తుంది చెప్పండి? తినండి, తాగండి, పడుకోండి. పూటకు పది నిమిషాలు ఇది చెయ్యండి. నాలుగో సూదికి రండి."

బయట నరేందర్ ఆటోలోనే కూర్చుని ఉన్నాడు. నిమ్మకాయల సంచి పక్కనే పెట్టుకుని, ఇద్దరినీ ఇంటి దగ్గర దింపి పోయాడు.

తర్వాతి మూడు వారాలు తేలిగ్గా గడిచాయని చెప్పలేం. దీప వచ్చేసింది. బాలరాజు పనిలోకి పోయాడు. కొన్ని రోజులు నీళ్లు మామూలుగా దిగేవి. కొన్ని రోజులు గ్లాసు ముందర పెట్టుకుని పావుగంట ఝుంకారం చేస్తే గానీ దిగేవి కావు. షెడ్డు యజమాని లక్ష్మీకాంత్ అది చూసి మొదట నవ్వాడు, సంగతి తెలిశాక నవ్వడం మానేశాడు. ఒక గురువారం మధ్యాహ్నం బొటనవేలిలో తిమ్మిరి మొదలై మోచేతి దాకా పాకింది. ఆ రోజు ఊపిరీ పనిచెయ్యలేదు, ఝుంకారమూ పనిచెయ్యలేదు. చెమటలు కారుతూ షెడ్డు వెనక ఇనుప తుక్కు మధ్య కూర్చుని రాణికి ఫోన్ చేశాడు. ఆమె మాట్లాడకుండా ఫోన్‌లో "మ్మ్‌మ్" అంటూ ఉండిపోయింది. అతను గొంతు కలపలేదు. ఉత్తగా విన్నాడు. గంటకు తిమ్మిరి తగ్గింది. ఎందుకొచ్చిందో ఎందుకు పోయిందో ఎవరికీ తెలీదు.

ఇరవై ఎనిమిదో రోజు, శనివారం, ఆఖరి సూదులు పడ్డాయి. ఇంకా రెండు మూడు నెలలు జాగ్రత్తగా గమనించుకోమని, ఏ అనుమానం వచ్చినా ఫోన్ చెయ్యమని, పూర్తిగా వేసుకున్నవాళ్లకు భయపడాల్సిన పని దాదాపు ఉండదని త్రిపురసుందరి చెప్పింది. దాదాపు అన్న ముక్క దగ్గర బాలరాజు ఆగాడు. ఆమె దాన్ని వెనక్కి తీసుకోలేదు.

దవాఖానా నుంచి మెట్రో స్టేషన్ వైపు నడుస్తుంటే రాణి ఉన్నట్టుండి అంది.

"నీకొకటి జెప్పాలె. నీకు నీళ్లు దిగని గా మూడొద్దులు నేను గూడ పండలే. నువ్వు ఇటు దొర్లినా అటు దొర్లినా లేసి కూసుంటుంటి."

"తెల్సు. నాకేమైతదో అని."

"గాదు." ఆమె అతని వైపు చూడలేదు. "నువ్వు నన్నేం జేస్తవో అని. దీపను నువ్వు పంపిచ్చినవ్ గద, నువ్వు పంపకపోతే నేనే పంపిస్తుంటి. నీకు బుగులైతదని గాదు. నీతోని బుగులై, బయమై."

బస్సులు, ఆటోలు, మెట్రో దిగిన జనం. బాలరాజు రోడ్డు మధ్యలో ఆగిపోతే ఆమె చెయ్యి పట్టుకుని పక్కకు లాగింది.

"నాకు గూడ నాతోనే బుగులుండె," అన్నాడు. "గప్పుడే ఎందుకు జెప్పలే?"

"నువ్వు జెప్పినవా?"

అతను తల అడ్డంగా ఊపాడు. నాచారం పోయే ఆటో ఒకటి పక్కన ఆగింది. ఇద్దరికీ చోటుందా అని రాణి అడిగింది.